నల్ల ప్యాంట్ల ఆర్డరు

కరాటే మాస్టారు ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నం పూట నా కొట్లోకి వచ్చి నల్లగుడ్డ తాను బల్ల మీద పెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నరసరావుపేటలో ఆ వేళకి కుక్కలు కూడా నీడ వదిలి రోడ్డు దాటవు. పనున్నవాడు పొద్దున్నే వస్తాడు, లేదా సాయంత్రం వస్తాడు. బజార్లో మనిషి లేని వేళ చూసుకుని వచ్చాడంటే ఏదో ఉందన్నమాటే.

"అన్నా, ఈసారి ప్యాంట్లు నలుపులో కుట్టాల. జాకెట్లు ఎప్పట్లాగే తెల్లవే. ప్యాంట్లు మాత్రం నలుపు" అన్నాడు.

"అందరికీనా?"

"అందరికీ. ఆడపిల్లలకి, మగపిల్లలకి, నాక్కూడా."

గుడ్డని చేత్తో తడిమి చూశాను. మందమైన కాటన్ డ్రిల్లు, సరుకు మంచిదే. కానీ కరాటే తెల్లగుడ్డ ఎప్పుడూ నేనే తెప్పిస్తాను. ఈ నల్లగుడ్డ కోసం ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా గుంటూరు పోయి వచ్చాడు. "ఈ ఎండల్లో నలుపేంది మాస్టారూ, పిల్లలు ఉడికిపోరా?" అని అడిగాను. "మురికి కనపడదు గదన్నా" అన్నాడు, నేల చూపులు చూస్తూ. ఆ షెడ్డులో కింద మ్యాట్లు పరిచి ఉంటాయి, వాటిని రోజూ తుడుస్తారు. మురికి ఎక్కణ్ణించి వస్తుంది? పైగా మురికి పడితే జాకెట్టుకి పడదా?

నేను టైలర్ని. గుడ్డ ఇచ్చి వెళ్ళే ప్రతివాడూ నేను ముక్క మిగుల్చుకుంటానని అనుకుంటాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ చూపుల మధ్య బతుకుతున్నాను. అందుకేనేమో ఎదుటి మనిషిని చూస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. నమ్మకం తర్వాతెప్పుడో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. నేను జాగ్రత్త అంటాను. ఈ రాసేదంతా చదివాక ఎవరి మాట నిజమో మీరే చెప్పండి.

మా అమ్మాయి ఆ మాస్టారి దగ్గరే నేర్చుకుంటోంది. ఆరో తరగతిలో చేరింది, అప్పటికి తొమ్మిది పూర్తయింది. చేర్పించింది నేనే. వయసులో ఉన్నప్పుడు ఒకడు ప్యాంటు పొట్టిగా కుట్టానని నా కొట్లోనే, నలుగురి ముందు, నన్ను చెంప మీద కొట్టాడు. చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, తలొంచుకుని నిలబడ్డాను. ఆ చెంపదెబ్బ నాకు ఇవాళ్టికీ మండుతుంది. నా కూతురు ఎవరి ముందూ అట్లా నిలబడకూడదని కరాటేలో వేశాను. నేను భయంతో వేస్తే అది ప్రేమతో పట్టుకుంది. చదువులో అంతంతమాత్రం, ఇంటిపనిలో సున్నా, కానీ ఆ తెల్లజాకెట్టు తొడుక్కుంటే దాని నడకే మారిపోయేది. బడులు తెరిచాక సత్తెనపల్లిలో జిల్లా సెలక్షన్లు ఉన్నాయి. "ఈసారి నేను పోవాల్సిందే నాన్నా" అని రోజుకి పదిసార్లు అనేది. ఆ క్లాసు లేకపోతే అది ఏమైపోతుందో నాకు తెలుసు. అందుకే ఆ మాస్టారు ఎట్లాంటి మనిషో నాకు మరీ ముఖ్యం.

ఇక రంగు సంగతి. మా పల్నాడులో రంగంటే ఉత్త రంగు కాదు. ఇంటి గేటుకి పెయింట్ వేయించుకుంటే ఎదురింటాయన వచ్చి "ఏందన్నా, ఇటు మారావా?" అని అడుగుతాడు. కొన్నేళ్ళ క్రితం ఒక పిల్లవాడికి పసుపు బెల్టు ఇస్తే వాళ్ళ తాత దాన్ని కాగితంలో చుట్టి వెనక్కి పంపించాడు, మా ఇంట్లో ఈ రంగు నడవదని. మరో ఆయన కొడుక్కి నీలం బెల్టు వద్దన్నాడు. మాస్టారు ఇద్దరి ఇళ్ళకీ పోయి, ఇవి జపానోళ్ళ రంగులండీ, వాళ్ళకి మన గొడవలు తెలీవండీ అని బతిమాలి బెల్టులు కట్టించి వచ్చాడు. అప్పట్లో మేమంతా పగలబడి నవ్వుకున్నాం. కానీ నల్లప్యాంట్ల సంగతి బయటికి పొక్కగానే నా కొట్టు ముందు ఆగిన ప్రతి తండ్రీ మొదట అడిగింది "ఎవరి రంగిది?" అనే. ఎవరిదీ కాదని తేలాక ఇంకా ఎక్కువ అనుమానం పడ్డారు. ఎవరిదీ కాని రంగు ఎవరైనా ఎందుకు పెడతారు?

నేను వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఆలోచించేవాణ్ణి. మాస్టారిది రెంటచింతల. వేసవి వచ్చిందంటే టీవీలో ముందు చెప్పే ఊరది. అక్కడ పుట్టి పెరిగినవాడికి నలుపు ఎండని పీల్చుకుంటుందని తెలీదా? తెలుసు. తెలిసీ పెడుతున్నాడంటే ఎండని మించిన కారణం ఉండాలి.

క్లాసు జరిగేది మూతపడ్డ పత్తి మిల్లులో. పొడుగాటి రేకుల షెడ్డు. ఇప్పటికీ దూలాల మీంచి పాత దూది రాలుతుంటుంది, పిల్లలు ఇంటికొచ్చాక జుట్టులో దులుపుకోవాలి. మొదట్లో బడి గ్రౌండులో నేర్పించేవాడు. ఎండ పొద్దున ఏడింటికే నెత్తిన కూర్చుంటోందని, ప్రహరీ మీద కుర్రకారు చేరి ఫోన్లు పట్టుకుంటున్నారని షెడ్డుకి మార్చాడు. షట్టరు సగం దించి ఉంచుతాడు. ఆ వేసవిలో ఒక మూలన రేకులు అడ్డం పెట్టి, గుడ్డ వేలాడదీసి, చిన్న గదిలా చేశాడు. అందులోకి పెద్దవాళ్ళెవరూ పోవద్దని చెప్పాడు. లోపల ఏమీ లేకపోతే అట్లా దేనికి చెప్తాడు, మీరే చెప్పండి.

అప్పుడే ఇంకో విషయం నా కళ్ళలో పడింది. క్లాసంటే ప్రాణం పెట్టే పిల్ల, నెలలో కొన్నిరోజులు మానేస్తోంది. "తలనొప్పి" అనేది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. అడిగితే విసుక్కునేది. ఎరువుల కొట్టాయన కూతురు మా అమ్మాయికి జోడు, ఇద్దరూ ఒకే సైకిలు మీద పోయేవాళ్ళు. ఆ పిల్ల కూడా మానేస్తోందట. ఎరువుల కొట్టాయనే చెప్పాడు. "మీ పాప కూడా అంతేనా? నేను మా దానికొక్కదానికే బద్ధకమనుకున్నా" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఇంటికి పోయి రెండు రోజులు సరిగా తిన్లేదు.

మూడోరోజు పొద్దున పెరట్లోకి పోతే మా ఆవిడ బకెట్లో కరాటే ప్యాంటు నానబెట్టి ఉంది. నీళ్ళు లేత ఎరుపు. నన్ను చూడగానే బకెట్టు మీద పీట అడ్డం పెట్టింది.

"ఏందే అది?"

"ఏం లేదు. మోకాలు గీసుకుపోయిందంట."

నేను తిన్నగా లోపలికి పోయాను. మా అమ్మాయి లంగా పైకి మడుచుకుని గోళ్ళు తీసుకుంటోంది. రెండు మోకాళ్ళూ చూశాను. గీత కూడా లేదు. పిక్క మీద మాత్రం కమిలిన మచ్చ ఉంది.

"ఇదేంది?"

"కిక్ తగిలింది నాన్నా. మామూలే."

"ఎవరు కొట్టారు?"

"ఎవరో కొట్టడమేంది? ప్రాక్టీసు" అని లంగా కిందికి లాక్కుంది.

తల్లి ఒకటి చెప్తోంది, పిల్ల ఇంకోటి చెప్తోంది. బకెట్లో రక్తం ఉంది. అవతల ఒక మనిషి ఉన్నట్టుండి తెల్లప్యాంట్లు తీసేసి నల్లవి తొడుగుతానంటున్నాడు. నా బుర్రలో ఇవన్నీ ఒకదానికొకటి కుట్టేసినట్టు అతుక్కుపోయాయి. ఈ కుట్టు తప్పని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆ మనిషి పిల్లల్ని కర్రతో బాదుతున్నాడు, రక్తం కనపడకుండా నలుపు తొడుగుతున్నాడు, చెప్తే చంపుతానని బెదిరించి ఉంటాడు, తల్లీ కూతురూ నాకు భయపడో వాడికి భయపడో దాస్తున్నారు. అంతే.

మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. పదహారేళ్ళ కాపురం చేసి, ఆడపిల్లని కని, ఈ మాత్రం తెలీలేదా అంటారు. తెలీలేదు. ఒకటి నిశ్చయించుకున్నాక మనిషికి ఇంకోటి కనపడదు.

ఆ సాయంత్రం కొట్టు మూసి షెడ్డు దగ్గరికి పోయాను. ఎదురుగా పోకుండా పక్కగోడకున్న కిటికీ దగ్గర నిలబడ్డాను. రేకుల వేడి గోడలోంచి నా భుజానికి తగులుతోంది. లోపల ఇరవై ముప్పై మంది పిల్లలు వరసల్లో నిలబడి గుద్దులు విసురుతున్నారు. ఒక్కో గుద్దుకి ఒక్కో కేక. చెమటకి జాకెట్లు వీపులకి అంటుకుపోయాయి. మాస్టారు చేతిలో బెత్తం ఉంది. దాంతో ఒక అబ్బాయి కాలిని పక్కకి జరిపాడు, ఒకమ్మాయి మోచేతిని పైకి లేపాడు. కొట్టలేదు. కానీ నేను చూసింది బెత్తాన్ని, అది చేసే పనిని కాదు. మా అమ్మాయి రాలేదు ఆరోజు. ఎరువుల కొట్టాయన కూతురు వచ్చింది. మధ్యలో ఆ పిల్ల చెయ్యెత్తి ఏదో అడిగి, గుడ్డ వేలాడదీసిన మూలకి పోయి, చాలాసేపటికి బయటికొచ్చింది. వచ్చి వరసలో చివర్న, గోడకి వీపు పెట్టి నిలబడింది. మాస్టారు చూసి కూడా ఏమీ అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా ఎరువుల కొట్టుకి పోయి చూసింది చెప్పాను. చూడనిది కూడా చెప్పాను, ఎందుకంటే అప్పటికి నా లెక్కలో అదీ చూసినట్టే. ఆయన కౌంటరు దాటి బయటికొచ్చాడు. "రక్తం నువ్వు కళ్ళారా చూశావా?" అన్నాడు. "నా పెరట్లో, నా బకెట్లో చూశా" అన్నాను. "ఇంకేంది మరి!" అన్నాడు. ఆ ఒక్క మాటతో అది నా అనుమానం కాకుండా పోయి ఊరి సంగతయింది. ఆదివారం పొద్దునకల్లా పన్నెండు పదమూడు మంది తండ్రులం షెడ్డు ముందు చేరాం.

షట్టరు నేనే పైకెత్తాను. పిల్లలు వరసలో ఉన్నారు. మా అమ్మాయి ముందువరసలో, పిడికిళ్ళు నడుము దగ్గర పెట్టి నిలబడి ఉంది. నన్ను చూసి ఏందన్నట్టు కనుబొమలెత్తింది. నేను దానివైపు చూడలేదు.

"మాస్టారూ, తెల్లప్యాంట్లు ఎందుకు మారుస్తున్నావో అందరి ముందూ చెప్పు."

"మురికి..."

"మురికి మాట పక్కనపెట్టు! నా కూతురు ప్యాంటుకి రక్తమయింది. నేను చూశా. అది ఎట్టా అయింది? పిల్లల్ని కర్రతో కొట్టి, అది కనపడకుండా నలుపు తొడుగుతున్నావా? ఆ మూలన గుడ్డ కట్టావే, దాని వెనక ఏందసలు?"

ఆడపిల్లలు ఒక్కరొక్కరే తలలు దించారు. మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. పిడికిళ్ళు మాత్రం అట్లాగే బిగించి ఉంచింది. మాస్టారు ఆడపిల్లల వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చూసి బెదిరిస్తున్నాడని అనుకున్నాను. అక్కడున్న తండ్రుల్లో ఎవరికైనా అర్థమయిందేమో నాకు తెలీదు. అర్థమయినవాడు కూడా నోరు విప్పి ఉండడు.

"నేను ఎవర్నీ కొట్టలేదన్నా. ఇంతకంటే నేను చెప్పలేను" అన్నాడు.

"చెప్పలేవా, చెప్పవా?" అని ఎరువుల కొట్టాయన కేక వేశాడు.

"చెప్పలేను. మీ పిల్లలు, మీ ఇష్టం."

ఎరువుల కొట్టాయన పోయి కూతుర్ని జబ్బపట్టి లాక్కొచ్చాడు. ఆ పిల్ల ఏదో అనబోయింది, "నోర్ముయ్!" అన్నాడు. తక్కినవాళ్ళూ అదే దారి. పది నిమిషాల్లో షెడ్డులో మాస్టారు, ఎక్కడికి పోవాలో తెలీని నలుగురు చిన్నపిల్లలు మిగిలారు. ఆయన వాళ్ళకి కటా, అదే అడుగులూ గుద్దులూ వరస తప్పకుండా వెయ్యడం, నేర్పడం మొదలుపెట్టాడు. నేను గెలిచినట్టే బయటికొచ్చాను.

దారంతా మా అమ్మాయి నాకు పదడుగుల ముందు నడిచింది. ఇంటికి రాగానే గదిలోకి పోయి తలుపేసుకుంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఏమైంది?" అంది. జరిగింది మొత్తం, కొంచెం గొప్పగానే చెప్పాను. చెప్తుండగా మా ఆవిడ మొహం రంగు మారిపోయింది.

"రక్తం అన్నావా? అందరి ముందు? మగపిల్లల ముందు?"

"మరి అనక? నువ్వు దాస్తే నేనూ దాయాలా?"

"నీ నోట్లో మన్నుపొయ్య! అది నెలసరయ్యా! బయటుండి, తెల్లప్యాంటుకి అంటింది. నీ కూతురి సంగతి తీసుకుపోయి బజారున చాటి వచ్చావా!"

నేను మంచం మీద కూలబడ్డాను. మా ఆవిడ తిట్టినవన్నీ ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. కాసేపటికి తలుపు తీసుకుని మా అమ్మాయి వచ్చి గడప మీద నిలబడింది. ఏడవట్లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"చలికాలంలో ఒకసారి నేను కిక్ కొడుతుంటే వెనక మగపిల్లలు నవ్వారు నాన్నా. ఎందుకో నాకు తెలీలేదు. చివర్న ఒకమ్మాయి చెప్పింది. అప్పట్నించి అందరం ఆ నాలుగు రోజులు మానేస్తున్నాం. చెమటకి కూడా భయమే, తెల్లగుడ్డ తడిస్తే ఒళ్ళంతా కనపడుతుంది. అసలు మొత్తానికి మానేద్దాం అనుకున్నాం. మాస్టారికి చెప్తే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందరికీ నలుపు పెడదాం, మీకొక్కళ్ళకే పెడితే ఎందుకని అడుగుతారు అన్నాడు. మార్చుకోడానికి ఆ మూల కట్టించాడు. మా నాన్నలకి చెప్పొద్దని మేమే ఒట్టు వేయించుకున్నాం."

"నాక్కూడా చెప్పొద్దనా?"

"నీకే ముందు చెప్పొద్దన్నాం. నువ్వు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకని అడుగుతావుగా."

అది పెద్దమనిషయినప్పుడు ఓణీల ఫంక్షన్ చేశాను. బస్టాండు సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాను, పట్టుచీరలో దాని బొమ్మ వేసి. వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టి, దగ్గరుండి కొసరి కొసరి వడ్డించాను. నా కూతురు పెద్దదయిందని ఊరంతా తెలియాలి. ఆ తర్వాత నెలనెలా దానికి ఏం జరుగుతుందో మాత్రం అదే ఇంట్లో ఉన్న నాకు తెలియకూడదు, నేను అడగకూడదు, అది చెప్పకూడదు. సిగ్గుపడాల్సింది ఎక్కడో, సిగ్గుపడింది ఎక్కడో. ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా దాని దగ్గర అనుమతి తీసుకున్నాను. "రాసుకో నాన్నా, అప్పుడు సిగ్గు, ఇప్పుడు లేదు" అంది.

సాయంత్రం మాస్టారి గదికి పోయాను. షెడ్డు వెనకే ఉంటాడు. బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాడు. కాళ్ళ మీద పడదామనుకున్నాను, కానీ నాకంటే చిన్నవాడు, అది ఆయనకి ఇబ్బంది. గుమ్మంలోనే నిలబడి "తప్పు నాది మాస్టారూ" అన్నాను. లోపలికి రమ్మని చాప వేశాడు.

"ఆ ఒక్క మాట చెప్తే పోయేది గదయ్యా! మేమందరం నోరు మూసుకునేవాళ్ళం."

"చెప్పుంటే నేను మిగిలేవాణ్ణన్నా. ఆ పిల్లలు మళ్ళీ నా మొహం చూసేవాళ్ళు కాదు" అన్నాడు. "నువ్వు కూడా ఎవరికీ చెప్పబాక."

"మరి వాళ్ళందర్నీ ఎట్టా వెనక్కి తీసుకురావాల? కారణం చెప్పకుండా?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అని మళ్ళీ బియ్యం చేట ముందుకు లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగాను. వడగాలి మొహం కాలుస్తోంది, తలకి తువ్వాలు చుట్టుకుని తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. నేను పొరపాటు పడ్డాను, మాస్టారు మంచోడు, పిల్లల్ని పంపండి. మొదటి ఇంటాయన "మరి ఆ రక్తమేంది?" అన్నాడు. "అది వేరే" అన్నాను. "వేరే అంటే?" నేను చెప్పులు వేసుకున్నాను. రెండో ఇంట్లో "నలుపు ఎందుకో తెలిసిందా?" అన్నారు. "తెలిసింది, చెప్పకూడదు" అన్నాను. ఆ ఇంటాయన నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నేను అందరివైపూ చూసింది ఆ చూపే.

ఎరువుల కొట్టాయన అయితే కుర్చీలోంచి లేవలేదు. "మొన్న నువ్వే వచ్చి రక్తమన్నావు. ఇవాళ నువ్వే వచ్చి ఏం లేదంటున్నావు. అన్ని ప్యాంట్ల ఆర్డరు చేజారిపోతదని భయమేసిందా?"

"కుట్టుకూలి ఒక్క పైసా తీసుకోను. ఒట్టు."

"అయితే ఇంకా పెద్దదే ఏదో ఉంది" అన్నాడు.

చెప్పెయ్యాలనిపించింది. అక్కడికక్కడ, ఆ మూటల మధ్య నిలబడి, నీ కూతురికి కూడా అదేనయ్యా సంగతి అని అరవాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. మాస్టారు ఆదివారం పొద్దున ఎంతమంది ముందు ఈ మాట మింగాడో అప్పుడు తెలిసొచ్చింది. నేనూ మింగి బయటికొచ్చాను. కొట్టు బయట ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆగిపోయారు.

ప్యాంట్లన్నీ కుట్టాను. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టు కనపడదు, కళ్ళు లాగేస్తాయి. మా ఆవిడ పక్కన కూర్చుని నాడాలు ఎక్కించింది. మా అమ్మాయి నాతో మాట్లాడ్డానికి వారం పట్టింది. ఆ వారం తర్వాత కూడా "అన్నం పెట్టనా?" అన్నదే మొదటి మాట. తిరిగి తిరిగి, బతిమాలి బతిమాలి, సగంమంది పిల్లలు వెనక్కొచ్చారు. కొందరి తల్లులు అసలు సంగతి ఎట్లాగో కనిపెట్టి, మొగుళ్ళకి చెప్పకుండానే పంపించారు. సత్తెనపల్లి సెలక్షన్లకి మా అమ్మాయి నల్లప్యాంటుతోనే పోయింది. రెండో రౌండులో ఓడిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వచ్చే ఏడు చూస్కో అంది. నాకు అది చాలు.

ఎరువుల కొట్టాయన కూతురు మాత్రం రాలేదు. సైకిలు మీద మా అమ్మాయి ఒక్కతే పోయేది. మాస్టారి దగ్గరికి పోయి, మేము మానేసేది ఇందుకూ అని ధైర్యం చేసి నోరు విప్పింది ఆ పిల్లేనట. తక్కిన ఆడపిల్లలు వెనక నిలబడితే ముందుకు పోయి చెప్పింది ఆ ఒక్కతేనట. ఈ సంగతి మా అమ్మాయి నాకు చాలా నెలల తర్వాత చెప్పింది.

మరుసటేడు ఆ పిల్ల ఇంటర్లో చేరింది. కాలేజీ యూనిఫాం కొలతలకి తల్లితో నా కొట్టుకి వచ్చింది. తల్లి బయట ఎవరితోనో మాట్లాడుతూ ఆగింది. నేను టేపు తీసుకుని భుజాలు కొలుస్తున్నాను. ఆ పిల్ల ఎదురుగా గోడ వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"బాబాయ్, మా నాన్నకి ముందు చెప్పింది నువ్వేనంట గదా."

"నేనేనమ్మా."

"మళ్ళీ వచ్చి ఏం లేదని చెప్పింది కూడా నువ్వేనంట."

"మూడుసార్లు వచ్చి చెప్పాను తల్లీ. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నమ్మలేదు."

"అవును" అంది. "మొదట చెప్పింది మాత్రం ఒక్కసారికే నమ్మాడు బాబాయ్."